కాలేజీ వెనక వాటా

తలుపు తీసిన ఇంటావిడ మొదట నా మొహం చూడలేదు, నా నుదురు చూసింది. తర్వాత మెడలోని నల్లపూసలు చూసింది. ఆ రెండూ ఆ రోజు పొద్దున నేను కొత్తగా తగిలించుకున్నవే. కుంకుమ ముందురోజు సాయంత్రం బజారులో పొట్లం కట్టించుకున్నాను. నల్లపూసలు నాతో చదువుకున్న స్నేహితురాలి దగ్గర అడిగి తెచ్చుకున్నాను. అలవాటు లేని చేత్తో పెట్టిన బొట్టు పక్కకు పోయిందేమోనని రిక్షా ఎక్కినప్పటి నుంచీ నాకు గుబులే. ఆమె చూపు అక్కడ ఆగినంతసేపూ కదలకుండా నిలబడ్డాను.

మేము క్రైస్తవులం. నిన్నా మొన్నా కాదు, మా తాతల నాటి నుంచీ. మా నాన్న ముత్తుకూరు పక్కన ఒక పల్లెలో మిషన్ బడికి హెడ్మాస్టరు. నేను ఆ బడి ఆవరణలోనే పుట్టి పెరిగాను, తర్వాత నెల్లూరులో హాస్టల్లో ఉండి చదువుకున్నాను. మా ఆయనది ఇందుకూరుపేట వైపు. వాళ్ళ తాతగారు మతం మార్చుకున్నా ఇంట్లో పాత పేర్లు మార్చలేదు కనుక ఆయన పేరు విని ఎవరూ పోల్చుకోలేరు. అరవైల మొదట్లో ఆయనకు ఊరి బయట కొత్తగా పెట్టిన కాలేజీలో ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగం వచ్చింది. కాలేజీ అంటే అప్పటికి చేల మధ్య రెండు పొడుగాటి భవనాలు, ఒక నీళ్ళ ట్యాంకు, సగంలో ఆగిన ప్రహరీగోడ. దాని వెనక కొందరు రైతులు వరసగా ఇళ్ళు కట్టి లెక్చరర్లకు వాటాలుగా అద్దెకిచ్చేవారు.

మాకు ఇల్లు ఆ వరసలోనే కావాలి. అంతకు రెండేళ్ళ ముందు మా తొలి బిడ్డ అత్తగారి ఊళ్ళో పోయింది. కార్తీక మాసపు వానలు. కాలవ పొంగి దారి మునిగింది. నొప్పులు పడుతున్న నన్ను ఎక్కించిన బండి అవతలి గట్టుకు చేరలేకపోయింది. బిడ్డ బండిలోనే పుట్టి, ఒక్కసారైనా ఏడవకుండానే పోయింది. ఇప్పుడు మళ్ళీ నాకు ఐదో నెల. నెలలు లెక్కపెట్టుకుంటే కాన్పు సరిగ్గా ఆ వానల్లోనే వచ్చేట్టుంది. ఈసారి నేను పెద్దాసుపత్రికి రిక్షాలో పోగలిగినంత దూరంలో ఉండాలి, వానకు మునగని మెరక మీద ఉండాలి. టౌన్లో మావాళ్ళ మిషన్ ఆవరణలో ఒక్క గది ఖాళీ లేదు. అందుకే ఈ వేషం.

అంతకు ముందు మూడిళ్ళు చూశాం. మా ఆయనకు అబద్ధం రాదు. మొదటి ఇంట్లో అడగ్గానే ఉన్న సంగతి చెప్పేశారు. ఆ ఇంటాయన మర్యాదగా మజ్జిగ ఇప్పించి, నిన్ననే ఇంకొకరికి మాట ఇచ్చేశామన్నాడు. వాకిట్లో టులెట్ బోర్డు మాత్రం మరో రెండు వారాలు వేలాడింది. మా ఆయన కాలేజీకి పోతూ వస్తూ రోజూ దాన్ని చూసేవారు. రెండో ఇంట్లో మజ్జిగ కూడా లేదు. మూడో ఇంట్లో నీచు వండకూడదన్నారు, వండం అని చెప్పాం, అయినా ఇవ్వలేదు. నాలుగో ఇంటికి పోయేముందు ఆయనతో చెప్పాను, ఈసారి మాట్లాడేది నేను, మీరు దూలాలు లెక్కపెడుతూ కూర్చోండి అని.

ఆయన నిజంగానే దూలాలు లెక్కపెట్టారు. ఇంటావిడ మమ్మల్ని వసారాలో బెంచీ మీద కూర్చోబెట్టి, మీరు ఏమిటోళ్ళని అడిగింది. ముత్తుకూరు పక్కన మాకు సేద్యం ఉందన్నాను. అది అబద్ధం కాదు. మా నాన్నకు ఎకరంన్నర మాగాణి ఉంది. ఆమె అడిగింది ఒకటి, నేను చెప్పింది ఒకటి. ఆ సంగతి ఆమెకు తెలియకపోదు. కానీ ఆమె మళ్ళీ అడగలేదు. నాకు మొదటి అనుమానం అక్కడే పుట్టింది. ఇల్లు అద్దెకిచ్చే మనిషి కులం దగ్గర జవాబు రాకుండా వదిలిపెడుతుందా?

ఆమెకు యాభై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, నుదురు బోసిగా ఉండే మనిషి. నాయుడుపేట దగ్గర సేద్యపు కుటుంబం. భర్తా, మరిదీ కలిసి కట్టించిన ఇల్లది. భర్త పోయాక ఒక వాటాలో ఆమె ఒక్కతే ఉంటోంది. పిల్లల్లేరు. పొలాలు చూసుకునే మరిది నాయుడుపేటలో ఉండి, నెలకో రెండు నెలలకో ఒకసారి వచ్చి పోతుంటాడు. రెండో వాటా రెండేళ్ళుగా ఖాళీ. ఎందుకు ఖాళీగా ఉందని నేను అడగలేదు. అడిగే మొహం నాకెక్కడిది?

కాలేజీ సోమవారం తెరిచారు. మరునాడు మా ఆయనకు పూట సెలవు దొరికింది, ల్యాబు అటెండరు మాట్లాడిపెట్టిన ఒంటెద్దు బండీ ఆ రోజే దొరికింది. రెండు ట్రంకులు, ఒక నులకమంచం, వంటసామాను, పుస్తకాల పెట్టె వేసుకుని మిట్టమధ్యాహ్నానికి గేటు దగ్గర దిగాం. ఇంటావిడ వసారాలో స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. బండిని చూసింది, దిగుతున్న నన్ను చూసింది, ఎండకేసి చూసింది.

"ఈ పొద్దేనా దిగేది?" అంది.

కాలేజీ తెరిచేశారు పెద్దమ్మా, ఇంక ఆలస్యం చేయడానికి లేదన్నాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పక్కకు తప్పుకుని, సరే దిగండి అంది. ఆ కాసేపు ఏం ఆలోచించిందో నాకు అంతుబట్టలేదు. సామాను సర్దుకుంటున్నంతసేపూ అదే నా మనసులో తిరిగింది. ఇస్తానన్నాక ఇప్పుడు వెనకాడడమేమిటి? ఎవరైనా చెప్పారా?

నేను పడిన జాగ్రత్త అంతా ఇంతా కాదు. గోడకు దేవుడి బొమ్మ ఉన్న కేలండరు కొని తగిలించాను. మా దేవుడి పుస్తకాన్నీ, పాటల పుస్తకాన్నీ గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో అడుగున పెట్టాను. ఇలా దొంగసొత్తులా దాచినందుకు దేవుడు నన్ను క్షమించే ఉంటాడు. బియ్యపు పురుగులు మాత్రం క్షమించలేదు, అట్ట అంచులు కొరికేశాయి. రెండు వాటాలకూ మధ్య ఒక తలుపుండేది. దానికి రెండు వైపులా గొళ్ళాలు. మా వైపు గొళ్ళెం వేసి, పలకల మధ్య చిటికెన వేలు దూరేంత సందు కనిపిస్తే పాత చీర చింపి అందులో కూరాను. రాత్రి ప్రార్థన గుసగుసల్లో చేసుకునేవాళ్ళం. మా ఆయనది మంచి గొంతు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఒక్క పాట పాడలేదు. అది ఆయనకెంత కష్టమో నాకు తెలిసీ పాడనివ్వలేదు.

మూడో రోజు పొద్దున లేచి చూస్తే మా వసారా అంచున తులసి కుండీ ఉంది. ముందు రాత్రి లేదది. ఇంటావిడ వాకిలి ఊడుస్తూ, తలెత్తకుండానే, రోజూ నీళ్ళు పొయ్యమ్మా, వీధిలో పోయేవాళ్ళకు కనబడుతుందంది. పరీక్ష పెడుతోందనుకున్నాను. పోశాను. పోసేటప్పుడు ఆమె కిటికీ వైపు ఓరకంట చూసుకుంటూ, వంగపాదుకు పోసినట్టు పోశాను. దండం పెట్టాలో వద్దో తెలియక చెంగుతో చేతులు తుడుచుకుని లోపలికి వచ్చేశాను.

తులసి కన్నా నన్ను ఎక్కువ వేధించింది బావి. పెరట్లో రెండు వాటాలకూ ఒకటే బావి. గిలక, చేంతాడు, ఇత్తడి చేద. నేను బిందె చంకన పెట్టుకుని బావి దగ్గరికి పోవడమే ఆలస్యం, ఆమె ఎక్కడున్నా వచ్చేసేది. "ఒట్టి మనిషివి కావు, నువ్వు తోడబాక" అని చేద తన చేతిలోకి తీసుకునేది. తోడి, నా బిందెలో పోసేది. ఒక్కరోజు కాదు, రోజూ. చూసేవాళ్ళకు ఎంత మంచి ఇంటావిడో అనిపిస్తుంది. నేను మాత్రం మా నాన్న ఊళ్ళో చూసినవి మరిచిపోయిన దాన్ని కాదు. మావాళ్ళు బావి గట్టుకు దూరంగా బిందెలు పెట్టుకుని, ఎవరైనా తోడి పోస్తారా అని పొద్దెక్కేదాకా కూర్చునేవాళ్ళు. పోసేవాళ్ళు ఎత్తు నుంచి పోసేవాళ్ళు, చేద బిందెకు తగలకుండా. ఈమె చేద నా బిందెకు తగులుతోందా లేదా అని నేను రోజూ చూసేదాన్ని. కొన్నిసార్లు తగిలేది, కొన్నిసార్లు తగిలేది కాదు. నాకు పిచ్చెక్కేది.

మా ఆయనతో చెబితే, నీకు తాడు కనబడితే చాలు పాము పడగ కనబడుతుంది అన్నారు. ఆయనకు ప్రపంచంలో అందరూ మంచివాళ్ళే. మజ్జిగ ఇచ్చి పంపించినాయన కూడా మంచివాడే, ఆ రోజు ఎండగా ఉందని ఇచ్చాడట.

ఆదివారాలు ఇంకో బాధ. చుట్టాలింటికని చెప్పి టౌన్లో మా గుడికి పోయేవాళ్ళం. రైలుగేటు దాటాక ఒక కల్లు పాక, దాని వెనక చెరువు కట్ట. అక్కడ ఆగి కొంగు తడిపి బొట్టు తుడుచుకునేదాన్ని, నల్లపూసలు సంచిలో వేసుకునేదాన్ని. పాస్టరమ్మగారి కళ్ళు ఇంటావిడ కళ్ళకేం తీసిపోవు. తిరిగొచ్చేటప్పుడు అదే కట్ట మీద ఆగి, సంచిలోంచి కుంకుమ భరిణె తీసి మళ్ళీ పెట్టుకునేదాన్ని. మా ఆయన అటు తిరిగి చెరువు చూస్తూ నిలబడేవారు. నాకు ఆయన మీద కోపం వచ్చేది, వెంటనే నా మీద నాకు కోపం వచ్చేది.

భాద్రపదంలో ఒక ఆదివారం వాన పట్టుకుంది. రిక్షా పట్టా కింద ముడుచుకుని వచ్చేసరికి కట్ట దగ్గర ఆగడం మరిచిపోయాం. గేటు దాకా వచ్చాక గుర్తొచ్చింది. అప్పటికే ఇంటావిడ గేటు దగ్గర ఉంది. ఆమె వెనక వసారాలో కుర్చీలో ఎవరో పెద్దమనిషి, భుజాన తుండుగుడ్డ, కాళ్ళు చాపుకుని ఉన్నాడు. ఆమె మరిది. ఇంటావిడ ఎదురొచ్చి, సరిగ్గా నాకూ ఆయనకూ మధ్య నిలబడింది. "వానకు బొట్టు కారిపోయిందే. పెరటి గుండా పోయి సర్దుకో" అని వినీ వినపడనట్టు అంది. వానకు కారిన బొట్టు మొహాన ఎర్రగా చార కట్టాలి. నా మొహాన చార లేదు, చుక్కా లేదు. అది ఆమె చూడలేదా? ఎగతాళి చేస్తోందనుకున్నాను. పెరటి గుండా పోయి, బొట్టు పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం మరిది వెళ్ళాక ఆమె వచ్చి ఇంకో మాట చెప్పింది. మా మరిది వచ్చినప్పుడు నువ్వు ముందుకు రాబాక, ఏమన్నా అడిగినా నేను చెప్పుకుంటా అంది. నన్ను ఒకరు ముందుకు రావద్దంటే పడదు. చిన్నప్పటి నుంచీ ఎక్కడికి రావద్దన్నా నాకు పడదు. తలూపాను గానీ, ఈమె ఆయనకు ఏం చెప్పుకోబోతోందో, ఎప్పుడు చెప్పబోతోందో అని ఆ రోజు నుంచి కంటి మీద కునుకు లేదు.

పండగలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ప్రతి పండగకూ ముందురోజే ఆమె నోట వచ్చేది. రేపు గడపకు పసుపు రాయడం మరిచిపోబాక, వీధంతా రాస్తారు. మీ వైపు చవితికి విగ్రహం పెట్టరు గదా, పత్రి మాత్రం గుమ్మానికి కట్టు. ఆమె అడిగేది కాదు, నా తరఫున తనే జవాబు చెప్పేసేది. నేను ఆ జవాబుల్లో వల వెతికేదాన్ని. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె పసుపు అంటే చాలు నా చెయ్యి బియ్యం డబ్బా వైపు పోయేది.

కార్తీకం వచ్చింది. కాలేజీ చుట్టూ చేలు నీళ్ళతో నిండిపోయాయి. తూర్పు నుంచి సముద్రపు గాలి, దానితో జల్లు. నాకు తొమ్మిదో నెల నిండవచ్చింది. రాత్రిళ్ళు వాన శబ్దం వింటే ఆ బండి, ఆ కాలవ గుర్తొచ్చి పొట్ట పట్టుకుని కూర్చునేదాన్ని. ఒక్కటే ధైర్యం, ఇక్కడి నుంచి ఆసుపత్రికి రిక్షా పోతుంది, దారిలో ఎక్కడా మునగదు.

నాగులచవితి నాడు వీధిలో ఆడవాళ్ళంతా పాలు పట్టుకుని కాలేజీ గోడ అవతల పుట్టకు పోతున్నారు. మరిది ముందురోజే వచ్చి ఉన్నాడు. పొద్దున్నే ఇంటావిడ మా గుమ్మం దగ్గరికొచ్చి, నువ్వు పుట్ట కాడికి రాబాక, నిండు చూలాలు రాకూడదంది. పోయే పని తప్పిందని నేను సంతోషించాలి కదా. కానీ ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. వీధిలో ఇంకో లెక్చరరు భార్య ఏడో నెలతో పాలచెంబు పట్టుకుని నా కళ్ళ ముందే వెళ్ళింది. ఆమెకు లేని అడ్డం నాకెందుకు?

మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను మధ్య తలుపు పక్కన గోడకానుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. మా ఆయన కాలేజీలో ఉన్నారు. అవతల వసారాలోంచి మరిది గొంతు వినిపించింది. ఆయనది పొలంలో కేకలేసే గొంతు, గోడలు ఆపలేవు. ఈ వాటాలో వాళ్ళ ఇంటిపేరేమిటి, ఎవరి తాలూకు, ఏ ఊరని అడుగుతున్నాడు. కాలేజీ కాడ ఎవరో ఏదో అన్నారు వదినా, ఆదివారం ఆదివారం ఆయన టౌన్లో మిషన్ గుడికి పోతాడంట, నిజమేనా అన్నాడు.

నేను చేట కింద పెట్టేశాను. సందులో కూరిన గుడ్డ లాగేసి చెవి పెట్టాను. ఇంటావిడ మాట్లాడుతోంది, కానీ గొంతు దించి మాట్లాడుతోంది. చాలాసేపు మాట్లాడింది. ఒక్క ముక్క నాకు అందలేదు. ఆ తర్వాత గ్లాసు కింద పెట్టిన చప్పుడు.

చెప్పేసింది అనుకున్నాను. గొంతు దించి చెప్పే మాట ఇంకేముంటుంది? నాలుగు నెలలుగా పోగుచేసుకున్నదంతా ఒక్కసారి తలకెక్కింది. తులసి కుండీ, చేద, పసుపు, పుట్ట. ఎలాగూ గెంటుతారు, గెంటించుకునేది తలొంచుకుని ఎందుకు? లేచి మొహం కడుక్కున్నాను. బొట్టు పూర్తిగా పోయేదాకా రుద్దాను. నల్లపూసలు తీసి గూట్లో పెట్టి, ముందు వసారాలోకి పోయి మరిది ఎదురుగా నిలబడ్డాను.

"మేం క్రైస్తవులం" అన్నాను. "మీ వదినగారు చాటుగా చెప్పే ఉంటారు. నా నోటితో కూడా వినండి."

ఆయన నన్ను చూడలేదు. మెల్లిగా తల తిప్పి స్తంభం పక్కన నిలబడి ఉన్న ఇంటావిడను చూశాడు.

"మీ చిన్నాయన కోడలి వైపు వాళ్ళంటివే వదినా. ఇప్పుడే గదా చెప్తివి."

ఇంటావిడ ఆయన తాగిన కాఫీ గ్లాసు తీసి, అందులో అడుగున ఉన్నది చూసి, లోపలికి పోయింది. పోయేటప్పుడు ఒక్కసారి నా వైపు చూసింది. అందులో కోపం ఉంటే నేను తట్టుకునేదాన్ని. పరుగెత్తుకొస్తూ నీళ్ళకుండ పగలగొట్టిన పిల్లను చూసినట్టు చూసింది. ఇంతకాలం నేను ఎవరి నుంచి దాక్కున్నానో ఆ మనిషే నన్ను దాస్తోందని నాకు అప్పుడు తెలిసింది. తెలిసిన క్షణంలోనే ఆమెను మరిది ఎదుట అబద్ధాలకోరును చేశాను.

మరిది చెడ్డవాడు కాదు. అరవలేదు. నలుగురిలో తిరిగే మనుషులం, రేపు మా ఇంట శుభకార్యాలు కావాలి, పొద్దున కల్లా చూసుకోండి అన్నాడు. అప్పుడు లోపలి నుంచి ఇంటావిడ గొంతు వచ్చింది. ఆయన ఎదుట ఆమె గొంతు పెంచడం నేను విన్నది ఆ ఒక్కసారే. వానలో నిండు చూలాలిని తెల్లారి పొమ్మనడం తన వల్ల కాదనీ, గురువారం దాకా ఉంటారనీ చెప్పింది. ఆయన ఇంకేమీ అనకుండా సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు.

మా ఆయన వచ్చాక అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన బియ్యం డబ్బా మూత తీసి, అడుగున గుడ్డలోని పుస్తకాలు పైకి తీసి, నూక దులిపి కిటికీలో పెట్టారు. అంతే. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఓదారుస్తూ, ఎక్కడికి పోదామో రేపు పాస్టరుగారిని అడుగుతానన్నారు. ఎక్కడికి పోయినా రిక్షా ఆసుపత్రికి అందే చోటే చూస్తానన్నారు.

మరునాడు పొద్దున బిందె తీసుకుని బావి దగ్గరికి పోయాను. ఆమె రాదనుకున్నాను. వచ్చింది. ఎప్పటిలాగే చేద అందుకుంది.

"మీకు ముందే తెలుసా పెద్దమ్మా?" అని అడిగాను.

"ఆషాఢ మాసం, మంగళవారం, మిట్టమధ్యాన్నం సామాన్లు దించితిరి. పాలన్నా పొంగించలా. హిందువులు ఎవరన్నా అట్ట దిగుతారా? బండి గేటు కాడ ఆగినప్పుడే తెలిసింది నాకు."

బొట్టు కొన్నాను, నల్లపూసలు తెచ్చాను, కేలండరు తగిలించాను. పంచాంగం ఒకటుంటుందని తట్టలేదు. మిషన్ బడి ఆవరణలో పుట్టిన దానికి అన్ని రోజులూ దేవుడిచ్చినవే. ఆషాఢంలో కొత్తకోడళ్ళు పుట్టింటికి పోతారని తెలుసు గానీ, ఆ నెల ఎవరూ ఇల్లు మారరని తెలియదు. కాలేజీ తెరిచే రోజుల్లో ఆ వరసలో వాటాలు ఎందుకు ఖాళీగా ఉన్నాయో కూడా ఆలోచించలేదు. మిగతా లెక్చరర్లంతా శ్రావణం కోసం ఆగి ఉన్నారు.

మరి ఎందుకు దిగనిచ్చారని అడిగాను. ఆమె చేద బావిలోకి వదిలింది. అడుగున నీళ్ళ చప్పుడు వచ్చింది.

"బండిలోంచి కడుపు పట్టుకోని, దిగలేక దిగితివి. అప్పుడేమనేది?" అంది. నాలుగు చేదలు తోడాక మళ్ళీ అంది. "నువ్వు చెప్పనంతకాలం నాకు తెలవదు. నాకు తెలవనంతకాలం మా మరిదికి తెలవదు. కాన్పు దాకా అట్లనే నెట్టుకొద్దామనుకున్నా. నువ్వు చెప్పేస్తివి."

నేను క్షమించమన్నాను. ఆమె బిందె నింపి, నా చంకకెత్తి, గురువారం పొద్దున తొమ్మిదిలోపు బయలుదేరండి, మంచి గడియ ఉందంది. దిగేటప్పుడు ఎట్లాగూ చూసుకోలేదు, పోయేటప్పుడన్నా చూసుకోండి అంది. నవ్వుతూ అందో లేదో కొంగు అడ్డం ఉండి కనబడలేదు.

గురువారం వానలో గూడుబండి గేటు దగ్గరికి వచ్చింది. ఆమె పంపించిందే. గూట్లో వరిగడ్డి మందంగా పరిచి, పైన బొంత వేసి ఉంది. పల్లపు దారిన పోబాక, మెరక మీదుగా తోలమని బండివాడికి రెండుసార్లు చెప్పింది. మేము టౌన్లో మా గుడి వెనక బడి గదిలో బెంచీలు జరిపి కాపురం పెట్టాం. సరిగ్గా ఎనిమిదో రోజు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. వార్డంతా మారుమోగేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చాను. ఇది ఆ ఇంట్లోంచి వెళ్ళి వినాల్సిన ఏడుపు అని కూడా అనుకున్నాను. బడి గదిలో కురిసే కప్పు కింద పసిదాన్ని పెట్టుకుని, ఎక్కడ చుక్క పడితే అక్కడి నుంచి జరుపుతూ ఆ వానాకాలం గడిపాం.

మళ్ళీ శ్రావణంలో పాపను ఎత్తుకుని ఆమెను చూడడానికి వెళ్ళాను. బొట్టు లేదు, నల్లపూసలు లేవు. మేమున్న వాటాకు పెద్ద తాళం వేసి ఉంది. ఆ తర్వాత మరిది ఎవరికీ అద్దెకివ్వనివ్వలేదట. తులసి కుండీ మళ్ళీ ఆమె వైపుకు పోయింది. ఆమె తలుపు తీసి, మొదటిరోజులాగే ముందు నా నుదురు చూసింది. తర్వాత పాపను చూసింది. చేతులు చాపింది. ఒళ్ళో వేసుకుని కాళ్ళూ చేతులూ తడిమి, బిడ్డకు దిష్టిచుక్క పెట్టలేదేందని అడిగింది. మేం పెట్టం అని చెప్పాను. ఆమె దీపపు సెమ్మె మసి వేలికి రాసుకుని, "అరికాలికి పెడతాలే, ఎవురికీ కనబడదు" అంది. పెట్టింది. నేను వద్దనలేదు.

ఎండలో వచ్చినందుకు నీళ్ళిమ్మని అడిగాను. పెరట్లోకి పోయి, తోడి, ఇత్తడి గ్లాసుతో తెచ్చింది. నేను తోడుకుంటానని అనబోయి మానుకున్నాను. చేద ఇస్తుందో ఇవ్వదో తెలిసిపోయేది. గ్లాసు అందుకుని, చిన్నప్పటి అలవాటున పెదవులకు తగలకుండా ఎత్తి పోసుకున్నాను. పాప చెయ్యి తగిలి సగం పైట మీద ఒలికింది.

"కరిచి తాగమ్మా. ఒళ్ళంతా తడుస్తుంది" అంది.

కరిచి తాగాను. గ్లాసు ఆమె చేతికిచ్చి, పాపను భుజాన వేసుకుని మెట్లు దిగాను. గేటు దాకా పది అడుగులు. ఆ గ్లాసు ఆమె లోపలికి తీసుకుపోతోందో, పెరట్లో బావి గట్టు మీద విడిగా బోర్లిస్తోందో, తల తిప్పితే కనబడుతుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తల తిప్పకుండా ఉన్నదాన్ని కాదు. ఆ రోజు తిప్పలేదు.